తాబేలునెవరు అడిగారు?

మా తమ్ముడి కూతురు సెలవులకని మా ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా చేతిలో ఫోను వుండాల్సిందే. మొన్న మధ్యాహ్నం నేను పోపుల డబ్బా సర్దుకుంటూ వుంటే వచ్చి, "అత్తయ్యా, ఒక్కసారి ఇది చూడు. ఎంత ముద్దుగా వుందో!" అంది.

చూశాను. లండన్‌లో ఏదో పార్కు. ఒకమ్మాయి భుజం మీద మూరెడు తొండ కూర్చుని వుంది. మన పెరట్లో తలాడించే తొండ కాదు, ఆస్ట్రేలియా తొండ. గొంతు కింద ముళ్ళముళ్ళుగా వుంటుంది గనక వాళ్ళు దాన్ని గడ్డం డ్రాగన్ అంటారట. దానికో బుల్లి తోలు చొక్కా, ఆ చొక్కాకి ఒక తాడు. దారిన పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు.

"ముద్దేమిటే! బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూసుకుని, నెత్తిన నీళ్ళు పోసుకునే వంశం మనది" అన్నాను.

"నీకన్నీ వేళాకోళమే. పాపం దానికి మాత్రం షికారు సరదాగా వుండదూ? ఎంత బుద్ధిగా కూర్చుందో చూడు!"

బుద్ధిగానే కూర్చుంది, నిజమే. కాని ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళిచూపుల్లో చాప మీద తలవంచుకు కూర్చున్న ఆడపిల్లని చూసి కూడా అందరూ ఆ మాటే అంటారు. కదలకుండా కూర్చోవడం సంతోషమో, భయమో, విసుగో కూర్చున్నవాళ్ళకే తెలియాలి. తొండని అడిగితే చెప్పదు. మరి చెప్పలేని ప్రాణిని నలుగురిలోకి తీసుకెళ్ళిన మనిషి, ఆ ప్రాణి తరఫున ఏం రాయాలి, ఎంతవరకు రాయాలి? ఈ ప్రశ్న వేసుకునేసరికి నాకొక పాత పుస్తకం గుర్తొచ్చింది. ఆ రాత్రే అలమారులోంచి తీసి దుమ్ము దులిపాను.

గిల్బర్ట్ వైట్ అని ఇంగ్లండులో, హాంప్‌షైర్ ప్రాంతంలో, సెల్బోర్న్ అనే పల్లెటూళ్ళో ఒక పాదిరిగారు వుండేవారు. 1720లో పుట్టి 1793లో పోయారు. పెళ్ళి చేసుకోలేదు. పిట్టలూ, పురుగులూ, ఎండా, వానా ఇవే ఆయన సంసారం. స్నేహితులకి రాసిన ఉత్తరాలన్నీ కూర్చి 1789లో సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర అనే పుస్తకం వేశారు. రెండు వందల ఏళ్ళు దాటినా అది ఇంకా అచ్చవుతూనే వుంది. ఆ పుస్తకంలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. వున్నదల్లా ఒక పెరడూ, దాని చుట్టూ ఒక ఊరూ. ఆ పెరట్లో ఒక తాబేలు. దాని పేరు తిమోతి.

తిమోతి మొదట ఆయనది కాదు. ససెక్స్‌లో రింగ్మర్ అనే ఊళ్ళో ఆయన మేనత్త రెబెకా స్నూక్ గారి తోటలో వుండేది. ఆవిడ ముప్ఫై ఏళ్ళకి పైగా దానికి చేత్తో తిండి పెట్టింది. ఆ ముసలావిడ కనిపిస్తే చాలు, ఆ తాబేలు తన వంకర కాళ్ళతో ఆత్రంగా ఎదురొచ్చేదట. వేరేవాళ్ళు వస్తే కన్నెత్తి చూసేది కాదట. ఇంత మందకొడి జీవి కూడా అన్నం పెట్టిన చెయ్యిని గుర్తు పడుతుంది గదా అని వైట్ గారు ఆశ్చర్యపోయారు.

1780లో ఆ మేనత్త పోయింది. తాబేలు మేనల్లుడికి దక్కింది. అప్పుడు మార్చి నెల. చలిదేశపు తాబేళ్ళు శీతాకాలమంతా మట్టిలో దూరి నిద్రపోతాయి. తిమోతి కూడా నిద్రలోనే వుంది. ఆ నిద్రలో వున్న ప్రాణిని తవ్వి పైకి తీసి, మట్టి నింపిన పెట్టెలో సర్ది, గుర్రబ్బళ్ళు మార్చుకుంటూ ఎనభై మైళ్ళు తీసుకొచ్చారు. బండి కుదుపులకి దానికి పూర్తిగా మెలకువ వచ్చేసింది. సెల్బోర్న్ తోటలో వదిలితే ఆ చివరిదాకా రెండుసార్లు నడిచింది. సాయంత్రం చలి వెయ్యగానే మళ్ళీ మట్టిలోకి దూరిపోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు అప్పగింతలే గుర్తొస్తాయి. మన ఆడవాళ్ళం ఎవరికి గుర్తు రావు లెండి! అన్నం పెట్టిన చెయ్యి పోయింది, పెట్టె సర్దారు, బండి ఎక్కించారు, కొత్త ఇంట్లో దింపారు. దింపగానే ఈ గోడనుంచి ఆ గోడదాకా కొలుచుకుని చూసుకోవడం, చీకటి పడగానే ఓ మూల చేరి ముడుచుకోవడం.

అయితే వైట్ గారి కలంలో ఒక మంచితనం వుంది. తవ్వి తీసేటప్పుడు ఆ తాబేలు బుస్సుమందని, అది తనకి జరిగిన అవమానంగా భావించి కోప్పడిందని ఆయనే రాసుకున్నారు. రాయకపోతే మనకెవరు చెప్పొచ్చారు? తన చేతికింద వున్న జీవి తనమీద కోప్పడిందని ఒప్పుకోవడం రచయితలో చిన్న గుణం కాదు. ఈనాటి ముద్దు వీడియోల్లో మీరు వెతికినా కనిపించనిది ఇదే. అందులో అన్ని ప్రాణులూ ఎప్పుడూ సంతోషంగానే వుంటాయి.

ఇక తిమోతి గారి షికార్ల సంగతి. 1784లో వైట్ గారు తన స్నేహితుడు మల్సో కూతురికి ఒక ఉత్తరం రాశారు. ఉత్తరం రాసింది తాను కాదు, తాబేలే అన్నట్టు రాశారు. ఆ అమ్మాయిని నవ్వించడానికి చేసిన చమత్కారం. అందులో తాబేలు తన కష్టాలు ఏకరువు పెడుతుంది. మా యజమానిగారు ప్రకృతి శాస్త్రజ్ఞులు, ఆయన దగ్గరికి అలాంటి మనుషులే వస్తారు, నా నాడి పట్టుకు చూస్తారు, ఈదగలనో లేదో చూద్దామని నన్ను నీళ్ళతొట్టిలో పడేస్తారు అంటుంది. ఏడాదికి రెండుసార్లు తూకం కోసం కిరాణా కొట్టుకి మోసుకుపోతారట. నిద్ర నెలల్లో ఎంత తగ్గిందో, వేసవిలో ఎంత పెరిగిందో లెక్క కట్టాలిగా! తక్కెడలో దాన్ని వెల్లకిలా పడుకోబెడితే, అది కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే, కొట్టువాడి పిల్లలు విరగబడి నవ్వుతారట.

నలుగురిలోకి తీసుకెళ్ళిన పెంపుడు తాబేలు గురించి నేను చదివిన వాటిలో దీన్ని మించిన బొమ్మ ఇంకోటి లేదు. తాబేలుకి వెల్లకిలా పడటమంటే ప్రాణసంకటం. ఆ ఒడ్డున నించున్న పిల్లలకి అది వినోదం. ఒకే తక్కెడలో రెండు పళ్ళాలు. వైట్ గారు తమాషాకి రాశారు గాని ఆ తమాషాలోంచే నిజం జారిపడింది. ఆ ఉత్తరంలోనే తాబేలు ఇంకోమాట కూడా అంటుంది. ఈ కష్టాలన్నీ ఒక ఎత్తు, నాకు బుద్ధి లేదనుకోవడం ఒక ఎత్తు; తోటచివరి గోతిలో నేను ఎప్పుడో పడతానని మా అయ్యగారు అన్నారు, గొయ్యేదో నేలేదో ఆయనెంత పోల్చుకోగలరో నేనూ అంత పోల్చుకోగలను అంటుంది. ఈ వాక్యాల దగ్గర నవ్వని ఇల్లాలు వుండదు. నవ్వాక కాసేపు ఊరుకోని ఇల్లాలు కూడా వుండదు.

ఆ ఏడాదే తిమోతి ఇల్లు వదిలి పోయింది. తోట తలుపు తీసివుంటే బయటికి నడిచింది. వారం రోజులు దాటాక చిక్కుడు చేలో దొరికింది. ఎందుకు పోయింది? దానికి వైట్ గారు చెప్పిన కారణం, ఆడతోడు కోసం అని. మగప్రాణి గదా, వేసవి మొదట్లో మనసు చలించి, ఎప్పటి గాంభీర్యమూ మరిచిపోయి తిరుగుతుందన్నారు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. తిమోతి ఆడది!

వైట్ గారు పోయిన మరుసటి ఏడు, 1794లో అది కూడా పోయింది. దాని చిప్పని దాచారు. ఇప్పటికీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో వుంది. ఆ చిప్పని తరవాతివాళ్ళు పరీక్షించి ఆడ తాబేలని తేల్చారు. మగ తాబేలుకి పొట్టవైపు చిప్ప లోపలికి గుంట పడి వుంటుంది, ఆడదానికి చదునుగా వుంటుంది. ఏడాదికి రెండుసార్లు తక్కెడలో వెల్లకిలా పడుకోబెట్టి చూసినవారే! ఆ పొట్ట ఎన్నిసార్లు కళ్ళెదుట పడిందో లెక్కలేదు. అయినా తట్టలేదు. మగపేరు పెట్టారు, ఆ పేరే కళ్ళకి గంత కట్టింది. పుట్టిల్లు కూడా అంతే. ఉత్తరంలో అది అమెరికాలోని వర్జీనియాలో పుట్టినట్టు కథ అల్లారు గాని, ఆ జాతి మధ్యధరా సముద్రపు తీరాలది.

ఇంకా చిత్రం వినండి. వాన చినుకు పడితే చాలు ఆ తాబేలు గబగబా పోయి ఓ మూల తల దూర్చేదట. అది చూసి వైట్ గారు, కొత్త బట్టలు కట్టుకున్న స్త్రీ వానకి జంకినట్టుందని పోల్చారు. ఎదురుగా వున్నది ఆడదని తెలియకుండానే ఆడదానితో పోలిక తెచ్చారు. చినుక్కి బెదిరితే ఆడదాని పోలిక, గడప దాటితే మగవాడి కారణం. ఆ రోజుల్లో ఆలోచన అలా నడిచింది. ఈ రోజుల్లో మాత్రం ఎంత మారిందీ?

దీన్నిబట్టి వైట్ గారిని తీసిపారెయ్యమని నేననను. పదమూడేళ్ళు ఒక తాబేలుని అంత శ్రద్ధగా, అంత ప్రేమగా గమనించినవారు ఆ కాలంలో అరుదు. నేననేదల్లా, శ్రద్ధా ప్రేమా వున్నంత మాత్రాన తెలిసిపోయినట్టు కాదని. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి, హోటలుకెళ్ళగానే "మా ఆవిడకి కాఫీ" అని చెప్పే పెద్దమనుషుల్ని మీరు చూసేవుంటారు. ఆవిడకి టీ ఇష్టమని ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఆయన చెడ్డవాడు కాడు. అడగలేదు, అంతే.

ఈ తాబేలు కథ వైట్ గారితో ఆగలేదు. 1946లో సిల్వియా టౌన్‌సెండ్ వార్నర్ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి ఒక మంచి పని చేసింది. వైట్ గారి దినచర్యల్లోంచీ ఉత్తరాల్లోంచీ తిమోతి ప్రస్తావన వచ్చిన చోట్లన్నీ ఏరి, ఒక తాబేలు రూపచిత్రం అనే చిన్న పుస్తకంగా కూర్చింది. ఏరి కూర్చడం కూడా విమర్శే. పాదిరిగారి పుస్తకంలో తాబేలు మూలన వుంటుంది. ఈవిడ పుస్తకంలో తాబేలు నట్టింట్లో వుంటుంది, పాదిరిగారు గుమ్మం దగ్గర నించుంటారు. ఒక్క మాట కూడా తాబేలు నోట్లో కొత్తగా పెట్టకుండా చూపు మార్చడమంటే అదీ.

2006లో వెర్లిన్ క్లింకెన్‌బోర్గ్ అనే అమెరికన్ రచయిత ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన నవల మొత్తం తాబేలే చెబుతుంది. కథ మొదలవడమే అది తప్పించుకుపోయి దొరికిన దగ్గర మొదలవుతుంది. తాను ఆడదాన్నని తాబేలుకి తెలుసు, ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పొట్టిపొట్టి వాక్యాలు, తాబేలు నడకలాగే. మనుషులు నిటారుగా నడుస్తూ ఎంత తొందర పడతారో, ఎంత తక్కువ చూస్తారో అది కింది నుంచి చూసి చెబుతుంటే ముచ్చటేస్తుంది. కాని నాకొక అసంతృప్తి మిగిలింది. ఆ తాబేలు మరీ చదువుకున్న తాబేలు. ప్రతి పేజీలోనూ మనకి బుద్ధి చెబుతుంది. తెలియని చోట్ల ఊరుకోవడం దానికి చేతకాదు. పాదిరిగారి మట్టిలోంచి వచ్చిన ఒక్క బుస్స, నాకు ఈ ఉపన్యాసాలన్నిటికంటే నిజమనిపించింది.

పాకే ప్రాణుల్ని వెంటేసుకు తిరిగినవాళ్ళు చరిత్రలో ఇంకా వున్నారు. 1840 ప్రాంతంలో పారిస్ బజార్లలో షోకిలా రాయుళ్ళు తాబేళ్ళని షికారు తిప్పేవారని వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ విమర్శకుడు రాశాడు. నాకు తొందర లేదు, నేను ఉద్యోగం చేసుకు బతకక్కర్లేదు అని ఊరికి చాటడానికట! 1901లో థియొడోర్ రూజ్వెల్ట్ అమెరికా అధ్యక్షుడయ్యాక ఆయన పెద్ద కూతురు ఆలిస్ ఒక పచ్చటి పాముని పెంచింది. పచ్చగా వుందని పాలకూర పేరూ, బక్కపల్చగా వుందని పిన్ని పేరూ కలిపి దానికి ఎమిలీ స్పినాచ్ అని నామకరణం చేసింది. చేతిసంచీలో పెట్టుకుని విందులకి వెళ్ళేది. ఆడపిల్ల ఇలా వుండాలి, అలా కూర్చోవాలి అనే కాలంలో ఆ పిల్ల ధైర్యానికి నాకూ మొదట చప్పట్లు కొట్టాలనిపించింది. ఆవిడ జీవితం గురించి రాసినవాళ్ళందరూ కొట్టారు కూడా. కాని సంచీలో చీకట్లో, సంగీతం హోరులో వున్న పాము ఏమైందో ఎవరికి పట్టింది? ఒకరి స్వేచ్ఛకి ఇంకొకరు జెండాగుడ్డ అయితే, ఆ జెండాని చూసి పొంగిపోయే ముందు కాస్త ఆలోచించాలి. అందులోనూ ఇంటి గౌరవానికీ, కులగౌరవానికీ జెండాలుగా బతికిన ఆడవాళ్ళం మనం.

ఆ మాటకొస్తే మనమేం తక్కువ తినలేదు. నాగులచవితి నాడు గుమ్మంలోకి బుట్ట వస్తే ఎంతమందిమి పాలు పొయ్యలేదు? పాలు పాము ఆహారం కాదు. పడగెత్తి ఆడుతోందనుకుంటాం, బూరకి దానికి సంగీతం ముట్టదు, ఎదుట వూగే బూరని చూసి తనని కాచుకోవడానికి పడగ ఎత్తుతుంది. మన భక్తికి దాని భయం నాట్యంలా కనిపించింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ బుట్టలు తగ్గాయి. కాని ఇంకోటి మొదలైంది. మన అనంతపురం, చిత్తూరు మెట్టభూముల్లో వీపు మీద నక్షత్రాలు చెక్కినట్టుండే తాబేళ్ళు వుంటాయి. వాటిని పట్టి సంచుల్లో కుక్కి విదేశాలకి దొంగతనంగా పంపేస్తున్నారు. 2019లో అంతర్జాతీయ ఒప్పందం కింద వాటి వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించవలసి వచ్చింది. ఎక్కడో షోకుగా షికారుకి వచ్చిన నక్షత్రాల తాబేలు ఫొటో చూసి ముచ్చట పడేటప్పుడు, అది మన రాయలసీమ ఆడపడుచేమోనని నాకు అనుమానం కలుగుతుంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మా మేనకోడలికి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగానే వింది.

"అయితే అసలు బయటికే తీసుకెళ్ళకూడదంటావా అత్తయ్యా?" అంది.

"అలా ఎందుకంటానే? వాటి ఒంట్లో వేడి మనలా లోపల పుట్టదు, ఎండే వాటి పొయ్యి. గాజుపెట్టెలో పుట్టి పెరిగిన తొండకి కాస్త ఎండ తగలడం మంచిదే. ఎండ దానికోసం, ఫొటో మనకోసం. ఆ రెంటికీ తేడా తెలిస్తే చాలు" అన్నాను. "భయం వేస్తే దాని గడ్డం నల్లబడి ఉబ్బుతుంది. తాబేలుని హఠాత్తుగా ఎత్తితే బెదిరి ఒంట్లో దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది. చిప్ప రాయిలా కనిపిస్తుంది గాని తాకితే దానికి తెలుస్తుంది. వాటి భాష అంతే. వినేవాళ్ళుంటే అదే ఎక్కువ."

అది ఫోను తీసి ఆ వీడియో మళ్ళీ పెట్టింది. ఈసారి అమ్మాయి ముఖం కేసి చూడలేదు. తొండ గొంతు దగ్గర వేలు పెట్టి బొమ్మని పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసి, "నల్లగానే వుందత్తయ్యా" అంది మెల్లిగా.

నేనేమీ అనలేదు. మన పంచాంగంలో బల్లి మనిషి మీద పడితే ఏ చోట పడితే ఏ ఫలమో తలనుంచి కాలిదాకా రాసిపెట్టారు. మనిషి పోయి బల్లి మీద పడితే ఆ బల్లికి ఏం ఫలమో మాత్రం ఏ సిద్ధాంతీ రాయలేదు. ఆ పేజీ రాయాల్సింది కథలు రాసేవాళ్ళమేనేమో.